ఒక్కరు ఊదితే ఈల, ముప్పై మంది ఊదితే? బడి రికార్డర్ పాఠం వెనుక లెక్క

మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్ల బడి నుంచి ఒక చీటీ తెస్తుంది: వచ్చే వారానికల్లా రికార్డర్ ఒకటి కొనివ్వాలి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, లండన్ శివార్లలోనో ఉండే తెలుగు తల్లిదండ్రులకు ముందు తట్టేది టేప్ రికార్డరే. పొట్లం విప్పాక తెలుస్తుంది, అది సుమారు 33 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పిల్లనగ్రోవి అని. అడ్డంగా కాదు, నిలువుగా పట్టి ఊదాలి. ఆ సాయంత్రం ఇంట్లో మొదలయ్యే కీచు శబ్దం వెంటబెట్టుకుని కొన్ని ప్రశ్నలు కూడా వస్తాయి. మన వేణువుకు ఇది ఏమవుతుంది? కీబోర్డు, గిటారు ఉండగా బడులు దీన్నే ఎందుకు పట్టుకున్నాయి? ముప్పై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఒకేసారి ఊదిస్తే సంగీతం వస్తుందా, గోల వస్తుందా?

రెండూ వస్తాయి. ఏది ఎంత వస్తుందన్నది పిల్లల ప్రతిభ కన్నా పాఠం అమరిక మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

సంక్షిప్తంగా

రికార్డర్‌లో శబ్దం పుట్టించడం చాలా తేలిక, శ్రుతి నిలపడం కష్టం. మొదటి గుణం వల్ల అది తరగతి గదిలోకి వచ్చింది. రెండో గుణం వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది. ఒంటరిగా ఊదేటప్పుడు చెవికి అందని శ్రుతి తేడా ఇద్దరు కలిసి ఊదగానే బయటపడుతుంది. అందుకే ఈ వాద్యానికి గుంపు అవసరం. కానీ గుంపు పెద్దదై, అందరూ ఒకే పై స్థాయిలో, ఒకే వరస ఊదితే నేర్చుకునే చెవే మూసుకుపోతుంది. ఇంగ్లండ్, జర్మనీ, జపాన్, అమెరికా అనుభవాలు ఈ రెంటి మధ్యే నడిచాయి.

రంధ్రాలున్న ఈల

రికార్డర్ మూతిలో ఒక దిమ్మ బిగించి ఉంటుంది. దిమ్మకూ గొట్టం గోడకూ మధ్య సన్నటి గాలిదారి. అందులోంచి పలచటి రేకులా బయటికొచ్చిన గాలి ఎదురుగా ఉన్న పదునైన అంచును తాకి, అంచుకు ఓసారి లోపలికి, ఓసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపుకు గొట్టంలోని గాలి కంపిస్తుంది, శబ్దం పుడుతుంది. డ్రిల్లు మాస్టారి ఈల పనిచేసేదీ ఇదే సూత్రం మీద. జాతరలో గడకు గుచ్చి అమ్మే వెదురు పిల్లనగ్రోవుల్లోనూ కొన్నిటికి మూతిలో చెక్కముక్క దూర్చి ఉంటుంది. అవన్నీ ఒకే కుటుంబం. రికార్డర్‌ను వేరుచేసేది వేళ్ల అమరిక: ముందువైపు ఏడు రంధ్రాలు, వెనక ఎడమ బొటనవేలికి ఒకటి.

కర్ణాటక సంగీతంలోని వేణువులో ఈ దిమ్మ లేదు. గాలిని అంచు మీదికి గురిపెట్టే పని పెదవులది. అందుకే కొత్తగా వేణువు పట్టినవారికి మొదటి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, ఉత్త గాలే వస్తుంది. ఆ గురి కుదిరాక మాత్రం శ్రుతి కాస్త దిగితే పెదవి వంపుతో, వేణువు తిప్పుతో సరిచేసుకోవచ్చు. రికార్డర్‌లో గురి ముందే చెక్కి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల మొదటి నిమిషంలోనే శబ్దం చేస్తుంది. పెదవితో సరిచేసుకునే వీలు మాత్రం పోయింది. చేతిలో మిగిలింది ఊపిరి ఒక్కటే.

ఆ ఊపిరి రెండు పనులు ఒకేసారి చేస్తుంది. గట్టిగా ఊదితే శబ్దం పెరుగుతుంది, దాంతోపాటు శ్రుతీ పైకి జరుగుతుంది. మెల్లగా ఊదితే రెండూ దిగుతాయి. ఇంకా గట్టిగా ఊదితే స్వరం ఏకంగా పై స్థాయికి ఎగిరి కీచుమంటుంది. వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయకపోయినా ఇదే జరుగుతుంది. చిన్న సందు గాలికి తప్పుదారి చూపి స్వరాన్ని పైకి నెడుతుంది. కొన్నాళ్లు నేర్పిన టీచర్లు దీన్ని వినక్కర్లేకుండా కళ్లతోనే పట్టేస్తారు: ఊదడం ఆపించి వేళ్లు చూపించమంటారు. వేలి కండ మీద గుండ్రటి ఉంగరంలా అచ్చు పడితే రంధ్రం మూసినట్టు. అర్ధచంద్రంలా పడితే కీచుకు కారణం దొరికినట్టే.

గుంపులో ఏం జరుగుతుంది

పిల్లలు ఊదేది ఎక్కువగా సొప్రానో రికార్డర్. బ్రిటన్‌లో దాన్ని డెస్కంట్ అంటారు. దాని అట్టడుగు స్వరమే సుమారు 523 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు), అంటే చాలామంది గొంతుల సహజమైన పాట స్థాయికి బాగా పైన. పిల్లలు మొదట నేర్చుకునే మూడు స్వరాలు 784, 880, 988 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి.

ఇద్దరు ఒకే స్వరాన్ని కాస్త తేడాతో ఊదితే రెండు శబ్దాలూ ఒకసారి కలిసి, ఒకసారి కొట్టేసుకుని వణుకుగా వినిపిస్తాయి. సెకనుకు ఎన్ని వణుకులన్నది వాటి మధ్య ఉన్న హెర్ట్జ్ తేడాకు సమానం. తంబురా శ్రుతి చేసేటప్పుడు తీగ బిగించేవారు వినేది ఈ వణుకునే. అది నెమ్మదించి ఆగిపోతే శ్రుతి కలిసినట్టు. చిక్కు ఏమిటంటే, తప్పు ఒకటే అయినా వణుకు వేగం స్థాయిని బట్టి మారుతుంది. పన్నెండు స్వరస్థానాల్లో ఒకదాని నుంచి పక్కదానికి ఉన్న దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. ఇద్దరి మధ్య 20 సెంట్ల తేడా ఉందనుకుందాం. 220 హెర్ట్జ్ దగ్గర అది సెకనుకు రెండున్నర వణుకులు. నెమ్మదైన ఊయల లాంటిది, చెవి ఓర్చుకుంటుంది. అదే తేడా 880 హెర్ట్జ్ దగ్గర సెకనుకు పది వణుకులవుతుంది. అది ఊయల కాదు, గరుకు. చెల్లో పిల్లల గుంపు ఇంతే అపశ్రుతిలో వాయించినా అంతగా చెవిని గీకదు. రికార్డర్ పిల్లలు వాళ్లకన్నా పెద్ద తప్పేమీ చేయడం లేదు. వాళ్ల తప్పు భూతద్దం కింద ఉంది, అంతే.

ఇంకో వింత ఉంది. ఒకరు 988, మరొకరు 784 హెర్ట్జ్ స్వరాలను పక్కపక్కన నిలబడి ఊదితే, ఎవరూ ఊదని మూడో స్వరం ఒకటి దాదాపు 204 హెర్ట్జ్ దగ్గర తుమ్మెదలా ఝుమ్మంటుంది. అది చాలావరకు చెవిలోనే పుట్టే తేడా స్వరం. పై స్థాయి వాద్యాలు దగ్గరగా మోగినప్పుడు ఇది బలంగా తెలుస్తుంది. జంట శ్రుతిలో ఉంటే ఆ ఝుంకారం పాటకు కింది ఆసరాలా కుదురుతుంది. లేకపోతే తలలో ఈగ తిరుగుతున్నట్టుంటుంది. ముప్పై మంది ఉన్న గదిలో ఇలాంటి జంటలు ఎన్నో.

శబ్దం మోతాదు సంగతీ చూడాలి. ఒకే బలంతో ఊదే 30 మంది కలిస్తే ఒక్కరి కన్నా సుమారు 15 డెసిబెల్ ఎక్కువవుతుంది. అంత మోతలో ఎవరి శబ్దం వారికి వినిపించదు. వినిపించనప్పుడు ఎవరైనా చేసేదేమిటి? ఇంకాస్త గట్టిగా ఊదడం. గట్టిగా ఊదితే శ్రుతి ఎక్కుతుంది, కొన్ని కీచుమంటాయి, మోత ఇంకా పెరుగుతుంది. ఈ వలయం ఒకసారి మొదలైతే ‘సరిగ్గా ఊదండి’ అన్న మాట దాన్ని ఆపలేదు. మాట వినిపించదు కాబట్టి.

వాతావరణమూ తన వాటా తీసుకుంటుంది. గాలి వెచ్చబడే కొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది. డిగ్రీకి దాదాపు 3 సెంట్ల చొప్పున శ్రుతి పైకి పోతుంది. చలికాలం ఉదయం సంచిలోంచి అప్పుడే తీసిన వాద్యం, పది నిమిషాలుగా ఊదుతున్న పక్కపిల్ల వాద్యం ఒకే శ్రుతిలో ఉండాలనుకోవడం అత్యాశ. అందుకే పాఠానికి ముందు మూతిభాగాన్ని కాసేపు చంకలో పెట్టుకోమంటారు. చూడ్డానికి నవ్వొచ్చే పనే గానీ, శ్రుతికీ మంచిది, గాలిదారిలో ఆవిరి చెమ్మగా మారి అడ్డుపడకుండానూ కాపాడుతుంది.

రెండు శతాబ్దాల నిద్ర, ఒక రైల్వే స్టేషన్

ఇంతటి చిక్కుల వాద్యం పిల్లల చేతికి ఎలా వచ్చింది? అది పిల్లల కోసం పుట్టింది కాదు. నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ దగ్గర 1940లో దొరికిన రికార్డర్ 14వ శతాబ్దం నాటిదని తేల్చారు. స్వరకర్త బాఖ్ రాసిన బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోలనే వాద్యరచనల్లో రెండింటిలో, ఆయన కాలపు స్వరకర్తలు వివాల్డి, టెలెమాన్ రచనల్లో దీనిది పెద్దవాళ్లు వాయించే భాగం, అదీ కష్టమైనది. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి వాద్యబృందాలు పెద్దవయ్యాయి, సభలు పెద్దవయ్యాయి. గట్టిగా ఊదితే శ్రుతి తప్పే వాద్యానికి అక్కడ చోటు లేకపోయింది. అడ్డవేణువు ఆ స్థానం ఆక్రమించింది.

పేరు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. వెనకటి కాలపు ఇంగ్లిష్‌లో ‘రికార్డ్’ అన్న క్రియకు గుర్తుపెట్టుకోవడం, పదేపదే చెప్పి కంఠస్థం చేయడం అన్న అర్థాలుండేవి. పక్షులు పాటను సన్నగా సాధన చేయడాన్నీ ఆ మాటతోనే అనేవారు. తెలుగులో చెప్పాలంటే ‘వల్లె వేయడం’. టేప్ రికార్డర్ పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఈ వాద్యానికి ఆ పేరుంది.

దీన్ని నిద్ర లేపినవారిలో ముఖ్యుడు ఆర్నాల్డ్ డోల్మెచ్. ఫ్రాన్స్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని హాజిల్‌మియర్‌లో స్థిరపడ్డ పాత వాద్యాల నిపుణుడు. 1919లో ఆయన కుటుంబం లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కుతూ ఒక సంచి మరిచిపోయింది. బ్రెసాన్ అనే తయారీదారు చేసిన 18వ శతాబ్దపు రికార్డర్ అందులోనే ఉంది. సంచి చూసుకోవలసిన బాధ్యత ఆయన చిన్న కొడుకు కార్ల్‌ది. పోయినదాని బదులు డోల్మెచ్ తానే కొత్తది చేయడానికి పూనుకున్నాడు. 1925లో హాజిల్‌మియర్‌లో ప్రాచీన సంగీతోత్సవం మొదలైంది. ఆ కార్లే పెద్దయ్యాక ఎడ్గార్ హంట్‌తో కలిసి 1937లో రికార్డర్ వాద్యకారుల సంఘం స్థాపించాడు. 1930ల్లో ఇంగ్లండ్ బడుల్లోకి ఈ వాద్యాన్ని తీసుకెళ్లడంలో హంట్‌ది పెద్ద చెయ్యి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బేకలైట్, ఆపైన ఇతర ప్లాస్టిక్‌లతో చేసిన రికార్డర్లు చౌకగా రావడంతో ప్రతి పిల్లకూ సొంత వాద్యం అన్న మాట సాధ్యమైంది. చెక్కలా పగలదు, ఉబ్బదు, సబ్బునీళ్లతో కడగొచ్చు. తరగతి మొత్తానికి ఒకేసారి నేర్పడం అన్న ఆలోచనకు ప్లాస్టిక్కే పునాది.

జర్మనీలో కథ కాస్త వేరే దారి పట్టింది. అక్కడ యువజన సంగీతోద్యమం 1920ల్లో జోరుగా ఉంది. కచేరీ వినడం కాదు, అందరూ కలిసి వాయించాలన్నది వారి పట్టు. స్వరకర్త హిండెమిత్ 1932లో ప్లోన్ పట్టణంలోని బడి పిల్లల కోసం సంగీతం రాస్తూ అందులో రికార్డర్ త్రయం ఒకటి చేర్చాడు. అదే దశాబ్దంలో నాజీ యువజన సంస్థలూ ఈ వాద్యాన్ని వాడుకున్నాయి. కలిసి వాయించడం దానంతటదే మంచిదీ కాదు, చెడ్డదీ కాదనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అంగడిలో రెండు రకాలు

వాద్యం కొనబోయే ఇంటికి అసలు గందరగోళం ఇక్కడుంది. జర్మనీకి చెందిన వాద్యాల తయారీదారు పీటర్ హార్లన్ 1920ల్లో ఒక మార్పు చేశాడు. పాత పద్ధతిలో సొప్రానో మీద ఎఫ్ (పాశ్చాత్య సంగీతంలో స్వరాలను ఏ నుంచి జీ వరకు అక్షరాలతో పిలుస్తారు) స్వరానికి మధ్యలో ఒక వేలెత్తి కింద రెండు వేళ్లు మూయాలి. హార్లన్ పద్ధతిలో వరుసగా ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతే చాలు. మొదటి చూపుకు ఎంతో సులువు. కానీ దానికి బదులుగా ఎఫ్‌కు పై పక్క స్వరస్థానమైన ఎఫ్ షార్ప్ శ్రుతి చెడింది. మూడో నెలలో ఆదా అయిన శ్రమను రెండో ఏడాది వడ్డీతో కట్టాలి.

దీన్ని జర్మన్ రకమనీ, పాతదాన్ని బరోక్ రకమనీ అంటారు. జపాన్ ప్రాథమిక బడుల్లో జర్మన్ రకం బాగా పాతుకుపోయింది. బ్రిటన్, అమెరికాల్లో బరోక్ రకానిదే పైచేయి. ఒకే తరగతిలో రెండూ కలిస్తే గొడవే: టీచర్ చూపిన వేళ్లే పెట్టినా సగం మందికి ఎఫ్ తేడాగా పలుకుతుంది, తప్పు పిల్లదని అందరూ అనుకుంటారు. చూసి తెలుసుకోవడానికి గుర్తు ఒకటుంది. ముందువైపు పై నుంచి లెక్కపెడితే జర్మన్ రకంలో ఐదో రంధ్రం నాలుగోదాని కన్నా చిన్నది. బరోక్‌లో నాలుగోదే చిన్నది. తరగతికంతా ఒకే రకం, వీలైతే ఒకే కంపెనీ మోడల్ అని బడి పట్టుబడితే దాన్ని చాదస్తం అనుకోకూడదు.

గ రి స, ఆపైన మోహన

మొదటి పాఠంలో నేర్పే స్వరాలు బి, ఏ, జీ. మూడూ ఎడమచేతివే: బొటనవేలు, చూపుడువేలు మూస్తే బి, మధ్యవేలు కలిపితే ఏ, ఉంగరంవేలూ కలిపితే జీ. కుడిచేయి ఊరికే పట్టుకుంటుంది. జీని షడ్జం అనుకుంటే ఇవి సరిగ్గా గ, రి, స. ఇంగ్లిష్ పిల్లలు తరతరాలుగా మొదట వాయించే ‘హాట్ క్రాస్ బన్స్’ మొత్తం ఈ మూడింటిలోనే ఉంది: గ రి స, గ రి స, సససస రిరిరిరి, గ రి స. వారాంతంలో సరళీ వరసలు పాడే తెలుగు పిల్లకు ఇలా చెబితే అర నిమిషంలో అందుతుంది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. మనకు షడ్జం ఎవరి శ్రుతిని బట్టి వారిది. రికార్డర్ కాగితం మీద జీ ఎప్పుడూ జీయే. సీని షడ్జంగా తీసుకున్న రోజున అవే మూడు వేళ్లు ని, ద, ప అవుతాయి.

తర్వాత కింద ఈ, డీ, పైన డీ చేరతాయి. అప్పుడు చేతిలో ఉన్నవి: కింది ప, కింది ద, స, రి, గ, పై ప. మ లేదు, ని లేదు. ఇది మోహన రాగపు స్వర సమూహం. ఈ ఐదు స్వరాల వరసను పిల్లల గుంపు కోసం కావాలనే ఎంచుకున్నవాడు జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్. 1924లో మ్యూనిక్‌లో డొరొథే గుంథర్‌తో కలిసి స్థాపించిన పాఠశాలలో, గునిల్డ్ కేట్‌మాన్ తోడ్పాటుతో, తాళవాద్యాలూ రికార్డర్లూ కలిపి ఒక బోధనా పద్ధతిని పెంచాడు. కారణం లెక్కకు సంబంధించినదే. ఈ ఐదింటిలో ఏ రెండింటి మధ్యా ఒక్క స్వరస్థానం దూరం రాదు. గ, మ పక్కపక్కన మోగితే వచ్చే కరుకు ఇందులో లేదు. ఒక పిల్ల రి దగ్గర, మరో పిల్ల ఇంకా స దగ్గరే ఉన్నా వినడానికి తప్పులా కాక కలగలుపులా ఉంటుంది. వెనకబడ్డ పిల్ల గుంపును చెడగొట్టదు. గుంపు పాఠానికి మోహన సరిపోయింది తియ్యదనం వల్ల మాత్రమే కాదు, తప్పును ఓర్చుకునే దాని తీరు వల్ల.

వంత పాడటం, గడ్డానికి ఆనించడం

పైన చెప్పిన మోత వలయాన్ని తెంచడానికి అనుభవజ్ఞులు వాడే ఉపాయాలు చాలా మామూలువి. మొదటిది, ఊదకపోవడం. మూతిభాగాన్ని పెదవుల నుంచి తీసి గడ్డానికి ఆనించి, పాట పాడుతూ వేళ్లు మాత్రం కదిలించడం. గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరి చేయి తప్పిందో టీచర్‌కు ఎదురుగానే కనిపిస్తుంది. రెండోది, వంత. టీచర్ నాలుగు అక్షరాల వరస ఊదితే పిల్లలు తిరిగి ఊదడం, మన భజన మండలిలో ముందు ఒకరు పాడితే గుంపు అందుకున్నట్టు. తామెలా వాయించారో పోల్చుకోవడానికి చెవికి ఒక కొలత దొరుకుతుంది. ఊదేటప్పుడు నాలుకతో ‘తు’ అనమంటారు. కొందరికి అది మరీ పొడిచినట్టు వస్తే ‘దు’ అనిపిస్తారు. ‘వేడి పాయసం చల్లార్చినట్టు ఊదు’ అంటే తెలుగు పిల్లకు ఊపిరి మోతాదు ఇట్టే అందుతుంది.

మూడోది, గుంపును విడగొట్టడం. ముప్పై మందిలో పది మంది ఊదితే పది మంది పాడతారు, మిగతావారు చప్పట్లతో లయ పడతారు. ఆపైన వంతు మారుతుంది. పిల్ల తన శబ్దాన్ని తాను వినగలగడం ఇక్కడే మొదలవుతుంది. ఇంకా ముందుకెళితే స్థాయిలు మారతాయి. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల మూడో తరగతిలో సొప్రానో మొదలుపెట్టి, మాధ్యమిక పాఠశాలకు వచ్చాక ఆల్టో పట్టిస్తారు. దాని అట్టడుగు స్వరం 349 హెర్ట్జ్. రెండూ కలిసినప్పుడు గుంపు శబ్దానికి అడుగు ఏర్పడుతుంది, పైన లెక్కవేసిన వణుకుల వేగమూ తగ్గుతుంది. ఇంకా కింది స్థాయి టెనార్, బాస్ కూడా చేరితే, ఈ వాద్యాన్ని పాతకాలంలో కుటుంబంగా ఎందుకు వాడేవారో వినగానే తెలుస్తుంది.

అమెరికాలో కొన్ని బడులు కరాటే బెల్టుల పద్ధతి తెచ్చాయి: ఒక్కో పాట పూర్తి చేసిన పిల్ల రికార్డర్‌కు ఒక రంగు దారం కడతారు, తెలుపుతో మొదలై నలుపుతో ముగుస్తుంది. సాధనకు ఊపునిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ దారం ఒంటరి పరీక్షకు దక్కేది. నల్లదారం కట్టిన పిల్ల పక్కపిల్లను వినడం నేర్చుకుందో లేదో అది చెప్పదు. దీనికి ఎదురు కొసన ఉన్నది న్యూయార్క్‌లోని కచేరీ మందిరం కార్నెగీ హాల్ నడిపే లింక్ అప్ కార్యక్రమం. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు బడిలో పాట, రికార్డర్ నేర్చుకుని, చివరికి సభకు వెళ్లి తమ కుర్చీల్లోంచే నిజమైన ఆర్కెస్ట్రాతో కలిసి వాయిస్తారు. అక్కడ సొంత ప్రతాపానికి తావు లేదు, కలిసిందా లేదా అన్నదే లెక్క.

గుంపు కోసం రాయడంలో ఉన్న తెలివికి ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ సంగీతరూపకం ‘నోయిస్ ఫ్లడ్’ ఇప్పటికీ పాఠం. నోవహు ఓడ కథ. 1958 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఓర్ఫర్డ్ చర్చిలో తొలిసారి ప్రదర్శించారు. కొద్దిమంది వృత్తి వాద్యకారుల చుట్టూ బడి పిల్లల పెద్ద గుంపు. వయొలిన్ అప్పుడే పట్టిన పిల్లలకు వేళ్లు పెట్టక్కర్లేని ఖాళీ తీగల భాగం, దారానికి వేలాడదీసిన కప్పుల మీద వానచినుకులు. రికార్డర్లకు తుఫాను గాలి. గుంపుగా వణికే, ఒకదానితో ఒకటి పూర్తిగా కలవని ఆ పై స్థాయి శబ్దం గాలి హోరుకు అచ్చంగా సరిపోయింది. తర్వాత నేలజాడ వెతకబోయే పావురం మాత్రం ఒకే ఒక్క రికార్డర్, నాలుకను అల్లాడిస్తూ రెక్కల చప్పుడు వినిపిస్తుంది. తరగతి గదిలో లోపమైనదాన్ని ఆయన అర్థంగా మార్చాడు. పిల్లల స్థాయికి దిగి రాయడం వేరు, పిల్లల దగ్గర ఉన్న శబ్దాన్ని విని రాయడం వేరు.

యుకులేలే పోటీ, 2020 దెబ్బ

ఇటీవలి ఏళ్లలో ఇంగ్లండ్ బడుల్లో రికార్డర్ వెనక్కి తగ్గుతోందన్న చర్చ తరచూ వస్తోంది. ఆ జాగాలోకి ఎక్కువగా వస్తున్నది యుకులేలే, చిన్న గిటారు లాంటి నాలుగు తీగల వాద్యం. పోల్చి చూస్తే కారణాలు అర్థమవుతాయి. దాని శబ్దం మెత్తన. వాయిస్తూనే పాడొచ్చు, రికార్డర్‌తో అది కుదరదు. వేలు తప్పితే తీగ బుసమంటుంది తప్ప కీచుమనదు. మూడు కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల కూర్పులు) వస్తే బోలెడు పాటలకు తోడు పట్టొచ్చు. నోటి తడి గొడవ లేదు. మరోవైపు తీగలు రోజూ శ్రుతి జారతాయి, ముప్పై వాద్యాలను శ్రుతి చేయడానికే పాఠంలో సగం పోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, స్వరాన్ని ఊపిరితో నిలబెట్టడం అది నేర్పదు. తర్వాత క్లారినెట్, ఫ్లూట్ వైపు వెళ్లే పిల్లలకు నాలుక, ఊపిరి, వేళ్లు ఒకేసారి కదిలించే అలవాటు రికార్డర్ దగ్గరే చౌకగా దొరికేది.

2020లో కరోనా ఈ మొగ్గును మరింత తొందరపెట్టింది. జపాన్ విద్యాశాఖ మార్గదర్శకాలు గది లోపల దగ్గరగా నిలబడి బృందగానం, రికార్డర్ వంటి ఊదే వాద్యాలు వాయించడాన్ని ప్రమాదకర కార్యకలాపాల జాబితాలో చేర్చాయి. పాఠం వేళ్ల కదలికకు, తాళానికి కుదించుకుపోయింది. ఇలాంటి విరామాల తర్వాత బడులు పాతదానికి తిరిగి రావాలంటే నేర్పగల టీచర్లు ఉండాలి. ఊదడం రాని టీచర్ యుకులేలే వీడియో పెట్టి నడిపించగలరేమో గానీ, శ్రుతి తప్పుతున్న ఇరవై రికార్డర్ల మధ్య కారణం ఊపిరా, వేలా, చలా అని చెప్పలేరు.

సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయన్న మాటను రికార్డర్‌కూ తగిలించే అలవాటుంది. అది వేరే చర్చ, ఈ వాద్యానికి ఆ ఆసరా అవసరమూ లేదు.

తెలుగు ఇళ్లలో

తెలుగు రాష్ట్రాల్లో రికార్డర్ ప్రధానంగా విదేశీ పాఠ్యప్రణాళిక నడిపే బడుల్లో, లండన్ ట్రినిటీ వంటి సంస్థల గ్రేడ్ పరీక్షలకు వెళ్లే పిల్లల దగ్గర కనిపిస్తుంది. మిగతా చోట్ల అరుదు. వేణువుకు ఇది తొలిమెట్టు అవుతుందా అన్న ప్రశ్న ఈ ఇళ్లలో వస్తుంటుంది. కొంతవరకే. ఊపిరి నిలపడం, రంధ్రం పూర్తిగా మూయడం, వేళ్ల మధ్య సమన్వయం పనికొస్తాయి. పెదవి పని మొత్తం మొదటి నుంచీ నేర్చుకోవాలి. గమకం సంగతి మరీ వేరు. వేణువులో వేలిని రంధ్రం మీద జార్చి, పెదవితో నొక్కి ఒక స్వరం నుంచి మరోదానికి పాకుతారు. బడి రికార్డర్ పాఠం మాత్రం స్వరాలను మెట్ల మీద అడుగుల్లా విడివిడిగా నేర్పుతుంది. రెండూ నేర్చుకునే పిల్ల మొదట్లో వేణువు మీద మెట్లు ఎక్కితే తప్పు పట్టక్కర్లేదు.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. బడిలో గుంపు పెద్దది కనుక, ఇంట్లో ఇద్దరి గుంపు తయారుచేయడం. ఫోన్‌లో తంబురా యాప్‌ను జీ శ్రుతిలో పెట్టి పిల్లను జీ ఒక్కటే ఊదమనాలి. మొదట స్వరం తంబురా పైన గరుకుగా వణుకుతుంది. ఊపిరి కాస్త తగ్గిస్తే వణుకు నెమ్మదిస్తుంది, ఇంకాస్త సర్దితే ఆగుతుంది. ఆగిన క్షణం పిల్లకే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత అదే జీని అన్నో, చెల్లెలో గొంతుతో పట్టుకుంటే పిల్ల బి ఊదవచ్చు. మూడో వారానికి బి, ఏ, జీ వరసలో అపశ్రుతి ఏ స్వరం దగ్గర వస్తోందో ఆ పిల్లే వేలు పెట్టి చూపిస్తుంది. సాధారణంగా అది బి. ఒక్క వేలూ బొటనవేలూ తప్ప ఏదీ ఆసరా లేని స్వరం కాబట్టి వాద్యం జారిపోతుందన్న భయంతో పిల్లలు మూతిని బిగపట్టి గట్టిగా ఊదేది అక్కడే. కుడి బొటనవేలిని వెనకవైపు ఆనించి ఉంచితే ఆ భయం పోతుంది, బి కిందికి దిగి కలుస్తుంది.